మట్టి తీసుకోని నాన్న

పిర్గాకి, మాని
1962 ఫిబ్రవరి

తమ్ముడు స్ట్రాటిస్‌కి,

ఇక్కడ బాదం చెట్లు ఆకు రాకముందే పూశాయి. గాలి లేచినప్పుడల్లా రాతి బురుజుల మధ్య తెల్లటి రేకులు తిరుగుతుంటాయి. ఊరంతా నిద్రలో నడుస్తున్నట్టు ఉంటుంది. నీకు ఇలాంటివి ఇష్టమని ముందు ఇవి రాశాను. ఇక అసలు సంగతికి వస్తాను.

నాన్నని ఈ వసంతంలో పైకి తీస్తున్నాం. ఆదివారం ప్రార్థన అయ్యాక మన ఫాదరు పాపా లెఫ్టెరిస్ నన్ను చర్చి వెనక్కి పిలిచాడు. "మీ నాన్న చాలాకాలం పడుకున్నాడమ్మా ఫోటినీ. ఊరు మొత్తానికి ఉన్నది గుప్పెడు మట్టి, మిగతాదంతా రాయే. వెనకాల వచ్చేవాళ్ళకి చోటివ్వాలి కదా," అన్నాడు. అందర్నీ కొన్నేళ్ళకే తవ్వి, ఎముకలు తీసి పెట్టెలో పెట్టేస్తారు. నాన్న విషయంలో మాత్రం అమ్మ "ఉండనీ, ఉండనీ" అంటూ ఇన్నాళ్ళు దాటేసింది. ఎందుకో నాకు తెలుసు. ఎముకలు పైకి వస్తే నిజం కూడా వస్తుంది.

అప్పటికి నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. అందుకే మళ్ళీ రాస్తున్నాను. నాన్న ఓడ దిగి ఇంటికొచ్చిన వారంలోపే పెరట్లో వాననీళ్ళ బావిలో తేలాడు. జారాడన్నారు. జీవితమంతా తడి ఓడల మీద నడిచిన మనిషి సొంత పెరట్లో జారాడట! ఏడాది తిరగకుండా అమ్మ కొస్టాండిస్‌ని కట్టుకుంది. నాన్నకి పినతండ్రి కొడుకు, ఆలివ్ గానుగ నడిపేవాడు. ఆ ఇంట్లో నిన్ను బతకనిస్తారో లేదోనని పైరేయస్ మామయ్యకి కబురుపెట్టి, నిన్ను పడవెక్కించింది నేను.

ఎముకల్ని వైన్‌తో కడిగేది ఇంటి ఆడవాళ్ళు. అమ్మ చెయ్యి పడనివ్వను, నేనే కడుగుతాను. పుర్రె మీద దెబ్బ కనబడితే చూడాల్సింది మాత్రం కొడుకు. ఆ తరవాత మన ఊళ్ళో కొడుకు చెయ్యాల్సిన పని ఏమిటో నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాన్న తుపాకి నూనెగుడ్డలో చుట్టి నా మంచం కిందే ఉంది.

నిన్న కల్లో నాన్న బావి మూతని లోపలినుంచి తడుతున్నాడు. దువ్వెన అడిగాడు. నేను దువ్వెన వెతికేలోగా తెల్లవారింది.

రా.
అక్క ఫోటిని

రోటర్‌డామ్
మార్చి

అక్కా,

ఇక్కడ పొగమంచు ఎంత ఉందంటే, ఓడ ముందు భాగంలో ఉన్నవాడు వెనక ఉన్నవాడికి పూర్వజన్మలా కనిపిస్తాడు. నేను వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చుంటాను. మా పెద్ద వంటవాడు మనోలిస్ "ఒరేయ్, తొక్క తీయమన్నాను గానీ దుంప తీసేయమన్నానా!" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటాడు. నాకు హాయిగానే ఉంటుంది.

నీ ఉత్తరంలో బాదంపూలు నాలుగు వాక్యాల్లో రాలిపోయాయి. మిగతాదంతా ఎముకలే. నిన్ను ఏడిపించడానికి అంటున్నాననుకో, కానీ అది నిజం కూడా.

నాన్న ముఖం నాకు గుర్తులేదు. అమ్మ ముఖం అంతకంటే గుర్తులేదు. కళ్ళు మూసుకుంటే ఒక తడి మెట్టు, మెట్టు మీద ఒక నల్ల గౌను అంచు కనిపిస్తాయి. ఆ గౌను నీదో ఆమెదో చెప్పలేను. గుర్తులేని మనిషి కోసం గుర్తులేని మనిషిని ఏం చెయ్యమంటావు?

ఇంకొకటి ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. ప్రతి చలికాలం కంపెనీ ఆఫీసు చిరునామాకి నా పేర పొట్లం వస్తుంది. అందులో ఉన్ని మేజోళ్ళు ఉంటాయి. ఉత్తరం ఉండదు. పైన రాసిన చేతిరాత కొస్టాండిస్‌దనుకుంటాను. అల్లింది ఎవరో నీకూ తెలుసు. ఇప్పుడు అవే తొడుక్కుని ఉన్నాను, ఇక్కడ చలి అలాంటిది.

గిథియోలో గడియారాలు బాగుచేసే ఆయన నిన్ను చేసుకుంటానని మళ్ళీ అడిగాడని మామయ్య రాశాడు. ఆ శోకపు నల్లబట్టలు విప్పి ఒకసారి సముద్రం ఒడ్డుకి వెళ్ళు. ఎముకల్ని వాళ్ళు కడుక్కుంటారు.

నీ స్ట్రాటిస్

పిర్గాకి
మార్చి చివర

స్ట్రాటిస్,

మేజోళ్ళు! నాన్నని బావిలో ముంచిన చేతులు నీకు మేజోళ్ళు అల్లాయి, నువ్వు కాళ్ళకి తొడుక్కుని వెచ్చగా ఉన్నావు. ఎంత చవగ్గా దొరికిపోయావురా! కాస్త మెత్తటి ఉన్ని చూపిస్తే తండ్రిని మరిచిపోయే కొడుకులు ఈ మాని నేల మీద పుట్టరనుకున్నాను. నేనే పొరబడ్డాను.

నాన్న ముఖం గుర్తులేదన్నావు. నాకు గుర్తుంది. రోజూ తీసి తుడుచుకుంటాను, పాడు కానివ్వను. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఆయన కోసం ఏడుస్తాను. అమ్మ ఆయన మీద ఒక్క శోకం కూడా పాడలేదు తెలుసా? ఊళ్ళో గాడిద చచ్చినా పాట కట్టే ఆడది, మొగుడు పోతే నోరు విప్పలేదు. అందుకే నేను కట్టాను. చర్చి అరుగు మీద కూర్చుని అందరూ వినేలా పాడతాను.

నీళ్ళడిగితే నిన్నే నీళ్ళకిచ్చారా నాన్నా,
నీ కొడుకు గుమ్మం తొక్కేదాకా నా జుట్టు దువ్వను నాన్నా.

నేను పాడుతుంటే ఆడవాళ్ళు తలలు దించుకుంటారు. వాడు, ఆ కొస్టాండిస్, గానుగ తలుపు మూసుకుంటాడు. ఊరు కొడుకు కోసం చూస్తోంది. రాకపోతే రాకు. మగదిక్కు లేని ఇల్లని నేనే నా పాటలో కలుపుకుంటాను.

గడియారాలాయనకి చెప్పు, నా గడియారం ఎప్పుడో ఆగిపోయిందని.

ఫోటిని

శాంతోస్, బ్రెజిల్
ఏప్రిల్

అక్కా,

గెలిచావు.

నీ ఉత్తరం ఇక్కడ అందింది. బస్తాల్లోంచి కాఫీ వాసన ఓడంతా పాకింది, ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టడం లేదు. పట్టినప్పుడు నాకు ఆయన కనిపిస్తున్నాడు. నా పడక పక్కన నిలబడి ఉంటాడు, బట్టల్లోంచి నీళ్ళు కారుతుంటాయి. ఏమీ అడగడు. లేచి చూస్తే నేల పొడిగానే ఉంటుంది, అయినా అడుగు వెయ్యడానికి భయమేస్తుంది. ముఖం మాత్రం కనబడదు. కనబడితే ఈ పని సులువవుతుందేమో.

మేజోళ్ళు సముద్రంలో పారేశాను. చాలాసేపు మునగలేదు.

మనోలిస్ "ఏంట్రా, దుంపల మీద పగబట్టావా?" అంటున్నాడు. ఎముక నుంచి మాంసం విడదీసే కత్తి ఒకటి నా సంచిలో సర్దుకున్నాను. తుపాకి నీ దగ్గరే ఉంచు, నాకు అది కాల్చడం రాదు. మా ఓడ జూన్ లోపల పైరేయస్ చేరుతుంది. తవ్వకం అప్పటిదాకా ఆపించు.

ఇన్నేళ్ళూ నాకంటూ ఒక పని లేదనుకునేవాణ్ణి. ఉంది. నువ్వు దాచిపెట్టి ఉంచావు.

స్ట్రాటిస్

పిర్గాకి
మే

నాన్నా స్ట్రాటిస్,

ఆపించలేకపోయాను. గానుగ దగ్గరి ముసలి లిగెరి చనిపోయింది, ఆమెకి చోటు కావలసి వచ్చింది. తవ్వేశారు. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

పొద్దున్నే వెళ్ళాం. నేను వైన్ జాడీ, తెల్లగుడ్డ పట్టుకెళ్ళాను. అమ్మ పిలవకుండానే వచ్చి గోడవార నిలబడింది. ఎర్ర బంకమట్టి ముద్దలు ముద్దలుగా వస్తోంది. తవ్వేవాళ్ళు ఉన్నట్టుండి పారలు పడేసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. ఎముకలు లేవురా. నాన్న ఉన్నాడు. తోలులా నల్లబడి, బిగుసుకుపోయి, మొత్తంగా నాన్నే ఉన్నాడు. మట్టి ఆయన్ని తీసుకోలేదు.

ఆడవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. నేను ముందుకి దూకి తలంతా తడిమి చూశాను. చిన్న గీత కూడా లేదు. ఎక్కడా దెబ్బ లేదు స్ట్రాటిస్. ముఖం చూశాను, గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళు నేను రోజూ తుడుచుకున్న ముఖం ఆయనది కాదు. పడవెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూశావే, ఆ ముఖం, నీది.

మట్టి తీసుకోకపోతే అర్థమేమిటో నీకూ తెలుసుగా. పోయినవాడి మీద ఎవరిదో ముడి మిగిలిపోయి ఉంటుంది, వాళ్ళు క్షమిస్తేనే శరీరం కరుగుతుంది. పాపా లెఫ్టెరిస్ అదే అడిగాడు. ఊరంతా వరసగా వచ్చి "నేను క్షమించాను, దేవుడూ క్షమించుగాక" అని తలా గుప్పెడు మట్టి వేశారు. అమ్మ మాత్రం కదల్లేదు.

"వాసిలో, నువ్వు కూడా అనాలమ్మా," అన్నాడు పాపా.

"అనను. అడిగారు కాబట్టి ఎందుకు అననో చెప్తాను, వినండి," అంది అమ్మ. గొంతు మామూలుగా, పిండి కలిపేటప్పుడు మాట్లాడినట్టే ఉంది. "నా పెద్దపిల్ల ఆంథి కలమాటా పట్నంలో జ్వరంతో పోయిందని మీ అందరికీ చెప్పాడీ మనిషి. కలమాటా బడిపంతులికి ఇచ్చి చేస్తున్నానని నాకు చెప్పాడు. నా చేత్తో నేను పూలు పెట్టి పంపాను. తీసుకెళ్ళి ఎవరికిచ్చాడో తెలుసా? మన మీద పగబట్టిన కొండమీది ఇంటికి. రక్తం బాకీ తీరిపోతుంది, తను భయం లేకుండా ఓడెక్కొచ్చని. అక్కడ దాన్ని గొడ్లతో పడుకోబెట్టారు. మొదటి చలికాలం దాటలేదు నా పిల్ల. అప్పటికి ఈయన సముద్రం మీద ఉన్నాడు, చల్లగా."

అమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వు పాడతావే, నీళ్ళకిచ్చారని. నేను తోయలేదు. బావి కడుగుతూ తనే జారాడు. 'వాసిలో, తాడు వెయ్యవే' అన్నాడు. తాడు నా చేతిలోనే ఉంది. నాకు ఆంథి జడ గుర్తొచ్చింది. అలాగే నిలబడ్డాను. కొస్టాండిస్ కేక విని పరిగెత్తుకొచ్చి బయటికి లాగేసరికి అయిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను 'తాడు ఎక్కడుంది' అని ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు క్షమించమంటే ఎవర్ని క్షమించను? ముందు నన్ను ఎవరు క్షమిస్తారు?"

నాన్నని మళ్ళీ అక్కడే కప్పేశారు. లిగెరిని గోడ పక్క ఇరుకులో పెట్టారు. వైన్ జాడీ అలాగే ఇంటికి తెచ్చేశాను.

అప్పటినుంచి కోపం కోసం వెతుకుతున్నాను తమ్ముడూ. పొద్దున లేవగానే అది ఉండాల్సిన చోట చెయ్యి పెడితే ఖాళీ తగులుతోంది. అది లేకుండా నడవడం నాకు రాదు, గోడలు పట్టుకుంటున్నాను. అమ్మని నేను క్షమించలేదు. కానీ ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని పప్పు తింటున్నాం. ఆంథి గురించి నాకు గుర్తులేనివి అడిగితే చెబుతోంది. దానికి నారింజ తొక్కలు నమలడం అలవాటట, పళ్ళు పులుస్తాయని తిట్టినా వినేది కాదట.

ఆ కత్తి తీసేయ్. మామూలుగా రా, లేకపోతే రాకు. ఆ పగ నీ చేతికి ఇచ్చింది నేనే, నేనే తిరిగి అడుగుతున్నాను.

అక్క

పైరేయస్
జూన్

అక్కా,

నీ ఉత్తరం మామయ్య ఇంట్లో నాకోసం ఎదురుచూస్తూ కనిపించింది. కూర్చుని చదవమన్నావు, నిలబడే చదివాను.

నాకు ఊహ వచ్చినప్పటినుంచి నీ దగ్గర్నుంచి వచ్చింది ఒకే పాట. మిగతా పిల్లలకి అక్కలు మిఠాయిలు పంపేవాళ్ళు. నువ్వు నాన్న చావు పంపావు, ప్రతి పండక్కీ, కొంచెం కొంచెంగా. నేను తినను తినను అన్నాను. చివరికి మొత్తం మింగాక ఇప్పుడు ఉమ్మెయ్యమంటున్నావు. గుర్రం మీదనుంచి నువ్వు దిగిపోయావు సరే, నువ్వు ఎక్కించుకున్నవాడు దాని మీదే ఉన్నాడు. అది పరిగెడుతోంది.

తాడు చేతిలో ఉంది, వెయ్యలేదు. చంపడానికీ దీనికీ తేడా ఏమిటో నాకు చెప్పు. ఆంథి గురించి నాకు ఏడుపొచ్చింది. కానీ ఆంథి నా కలలోకి రాదు. ఆయనే వస్తాడు, నిన్న రాత్రి నా దుప్పటి కూడా తడిసినట్టనిపించింది. నేను ఎవరికి జవాబు చెప్పుకోను?

రేపు గిథియో పడవెక్కుతున్నాను. నువ్వు అడ్డు రాకు.

స్ట్రాటిస్

గిథియో
జూన్

అక్కా,

ఇది బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, సాయంత్రానికి నీకు అందుతుంది. దీనికంటే ముందే ఇంకో కబురు ఇంటికి చేరుతుందని భయంగా ఉంది.

పొద్దున బస్సులో ఊరి కింద మలుపు దగ్గర దిగాను. ఎండ తెల్లగా ఉంది, బురుజులు నీళ్ళ అడుగున ఉన్నట్టు వణుకుతున్నాయి. నా ఊరు అనిపించలేదు, ఎవరి కల్లోకో దిగినట్టుంది. కాఫీ కొట్టు దగ్గర ఒక ముసలాయన చేతిలో పూసలదండ తిప్పుకుంటూ కూర్చున్నాడు. కొట్టువాడు "కొస్టాండిస్, చక్కెర వెయ్యనా?" అని అరిచాడు. నా చెయ్యి జేబులోకి పోయింది. మా మధ్య ఒక కుర్చీ దూరం.

"కుర్రాడా, ఎండలో నిలబడ్డావేం, రా కూర్చో," అన్నాడు. నా బూట్లు చూసి, "ఓడ మీదవాడివా? ఏ ఓడ?" అన్నాడు. నోట్లోంచి మా ఓడ పేరు వచ్చేసింది. ఆయన లేచి నిలబడ్డాడు అక్కా. "మా అబ్బాయి అందులోనే! స్ట్రాటిస్! తెలుసా నీకు? వంటగదిలో చేస్తాడు. తింటున్నాడా సరిగ్గా? మేజోళ్ళు సరిపోతున్నాయో లేదో, పాదం కొలత తెలీక వాళ్ళమ్మ నా కాలికి చూసి అల్లుతుంది," అన్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ చెప్పాడు. నూనెలో వేయించిన లాలాగియా పిండివంట ముక్క విరిచి తేనెలో ముంచి నా ముందు పెట్టాడు.

మా అబ్బాయి అన్నాడు.

కత్తి పిడి నా చేతిలోనే ఉంది. తియ్యలేకపోయాను, వదల్లేకపోయాను. అప్పుడు ఎవరో మాట్లాడుతుంటే విన్నాను. అది నేనే. "స్ట్రాటిస్ చనిపోయాడు. బ్రెజిల్ నుంచి వస్తుంటే అల లాక్కుపోయింది. అది చెప్పడానికే వచ్చాను," అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆ పని చెయ్యాల్సినవాడు లేకుండా పోతే తప్ప ఆ కుర్చీలోంచి లేవలేననిపించింది.

ఆయన పూసలు కింద పడ్డాయి. తీసుకోవడానికి వంగి, అలాగే ఉండిపోయాడు. నేను బస్సెక్కి వచ్చేశాను.

వెంటనే వెళ్ళి అమ్మకి చెప్పు, నేను బతికే ఉన్నానని. రేవు దగ్గర సత్రంలో ఉన్నాను. కత్తి ఇంకా జేబులోనే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఇంటికి మాత్రం రాలేను. ఏ ముఖంతో రాను?

స్ట్రాటిస్

పిర్గాకి
మర్నాడు, తెల్లవారుతూండగా

స్ట్రాటిస్,

కబురే ముందు చేరింది.

కొస్టాండిస్ బాబాయి టోపీ చేత్తో పట్టుకుని గడపలోనే కూలబడ్డాడు. "వాసిలో, పిల్లాడు..." అన్నాడు, అంతే. అమ్మ తలగుడ్డ విప్పి నేల మీద కూర్చుంది. జుట్టంతా తెల్లగా ఉందిరా, నేను ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. నేను కూడా కూర్చున్నాను, నువ్వు పోయావనే నమ్మాను. నా పాటే నిన్ను సముద్రంలోకి తోసిందనుకున్నాను.

అప్పుడు అమ్మ పాడింది. మొగుడికి పాడనిది, ఆంథికి పాడలేకపోయినది, అంతా నీ మీద పాడింది. ఆ మధ్యలో బయట బస్సు హారన్ వినిపించి పెరట్లోకి వెళ్ళాను, డ్రైవరు నీ ఉత్తరం ఇచ్చాడు. బావి గట్టు మీద నిలబడి చదివాను. లోపలికి పరిగెత్తి ఒక్క మాట చెబితే చాలు. గుమ్మం దాకా వచ్చాను. అమ్మ గొంతు అప్పుడే ఇలా అంటోంది:

జరిగి చోటివ్వు, క్షమ పొందినవాడా, నీళ్ళలో పోయినవాడా,
నీ కొడుకు తడిసి వస్తున్నాడు, పొడి చొక్కా తీసి ఉంచు.

క్షమ పొందినవాడా అని పిలిచింది నాన్నని. ఊరంతా విన్నది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమెకి తెలియలేదు. నేను ఉత్తరం చేత్తో పట్టుకుని, పాట అయ్యేదాకా గుమ్మంలో నిలబడిపోయాను స్ట్రాటిస్. తల్లి కళ్ళముందు మునిగిపోతోంది, పైకి లాగే మాట నా చేతిలో ఉంది, నేను వెయ్యలేదు. నాన్న కోసమో, పాత కోపం కోసమో, ఇప్పటికీ చెప్పలేను. ఆ కాసేపట్లో, ఆనాడు అమ్మ ఎలా నిలబడిందో నాకు తెలిసింది.

తరవాత చెప్పాను. అమ్మ లేచొచ్చి నా చెంప మీద ఒకటి కొట్టింది, ఇంకా చెవి మోగుతోంది. ఎంతసేపు దాచావని అడగలేదు. "ఎక్కడున్నాడు?" అంది. గిథియో అన్నాను. కత్తి సంగతి కూడా చెప్పాను, దాచాలనిపించలేదు. "వాడి దగ్గర కత్తి ఉంటే ఉండనీ. నేను వెళ్తాను," అంది. బాబాయి వెంట వస్తానంటే వద్దంది. ఆంథిని పంపిన రోజునుంచి ఊరు దాటని మనిషి, పొద్దున బస్సుకి గుమ్మంలో తయారుగా కూర్చుంది.

అందుకే ఈ ఉత్తరం తపాలాలో వెయ్యడం లేదు. ఆమెకి చదువు రాదు, ఇందులో ఏం రాశానో తెలియదు. నీకు ఆమె ముఖం గుర్తులేదన్నావు కదా. ఇది నీ చేతికిచ్చి ఎదురుగా నిలబడి ఉన్న ముసలామె అమ్మ. చదవడం అయిపోయింది, ఇక తలెత్తి చూడు.

అక్క